అల్మారా వెనక బూజు

నా పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర కొంగు దగ్గర అరచేయంత బూడిదరంగు మచ్చ ఉంది. ధర్మవరంలో నేసినవాళ్ళకే చూపించాను. దారంలోకి దిగిపోయింది, ఇక పోదన్నారు. జర్మనీలో, కెమ్నిట్స్ నగరంలో మేం అద్దెకున్న ఇంట్లో, 2023 జనవరిలో బయటపడిన బూజు తాలూకు మచ్చ అది. చీరకు పట్టింది కాబట్టి కంటికి కనబడుతోంది. అదే గదిలో పడుకున్న మా రెండేళ్ళ పాప ఆ మూడు నెలల్లో ఎంత పీల్చిందో చూపించే మచ్చ ఏదీ లేదు. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

మా అనంతపురం చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు ఇప్పుడు చదువుకనీ ఉద్యోగానికనీ ఐరోపా దేశాలకు బాగా వెళుతున్నారు. బయలుదేరేముందు వీసా గురించి, చలికోట్ల గురించి, ఎన్ని కిలోల సామాను పట్టుకెళ్ళవచ్చో అందరూ చెబుతారు. గోడల చెమ్మ గురించి మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే జరిగింది జరిగినట్టుగా, మేం చేసిన తప్పులతో సహా చెబుతాను.

తెలుగులో బూజు అనే మాటకు రెండు అర్థాలు. ఇంటి మూలల్లో వేలాడే సాలెగూళ్ళ దుమ్మూ బూజే, ఊరగాయ మీద తెల్లగా పేరుకునేదీ బూజే. కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో గోడకు పట్టేది మొదటి రకం మాత్రమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. దండెం మీద వేసిన చీర పొయ్యి మీది అన్నం ఉడికేలోపు ఆరిపోతుంది. గోడకు బూజు పడితే పొడుగాటి కర్రకు చీపురు కట్టి దులుపుతాం. పండగల ముందు అమ్మతో కలిసి చిన్నప్పటి నుంచీ చేసిన పని. 2022 నవంబరులో మా పడకగది ఉత్తరపు మూలలో, నేలకు జానెడు ఎత్తున, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనబడినప్పుడు నా చేయి చీపురు వైపే వెళ్ళింది. పొడి చీపురుతో శుభ్రంగా దులిపాను. ఈ రెండో రకం బూజుకు కంటికి ఆనని విత్తనాలు ఉంటాయి. దులిపితే అవి గాలిలోకి లేచి గది అంతా పరుచుకుంటాయి. గోడ మూలన ఉన్నదాన్ని పాప ఊయల దాకా నేనే చేర్చాను.

ఆ ఇల్లు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన మేడలో రెండో అంతస్తు. మందపాటి ఇటుక గోడలు, ఎత్తైన కప్పు, చెక్క నేల. కిటికీలు మాత్రం కొత్తవి, రెండు పొరల అద్దంతో, రబ్బరు అంచులతో గాలి చొరబడకుండా బిగుతుగా ఉండేవి. చూసినప్పుడు ఆ కిటికీలే మాకు బాగా నచ్చాయి. పాత కిటికీల సందుల్లోంచి తేమ తనంతట తానే బయటికి పోయేదనీ, గోడలకు వేడిని ఆపే పొర వేయకుండా కిటికీలు మాత్రమే మారిస్తే ఇంటి లోపల పుట్టిన తేమంతా అన్నిటికన్నా చల్లగా ఉన్న గోడ మీదే చేరుతుందనీ చాలా నెలల తర్వాత ఒకామె బొమ్మ గీసి చెప్పింది. అంతకుముందు చల్లటి చోటు కిటికీ అద్దమే కాబట్టి నీరు అద్దం మీద కారేది, తుడుచుకుంటే సరిపోయేది.

ఆ శీతాకాలం మామూలుది కూడా కాదు. ఉక్రెయిన్ యుద్ధం కారణంగా రష్యా నుంచి జర్మనీకి వచ్చే గ్యాస్ ఆగిపోయి, బిల్లులంటే ఊరంతా భయపడిన ఏడాది. ప్రభుత్వ కార్యాలయాల్లో గది వేడిమి 19 డిగ్రీలు దాటకూడదని నిబంధన పెట్టారు. మేమూ పొదుపు చేశాం. పడకగదిలో హీటరు పూర్తిగా కట్టేసి, రాత్రి తలుపు తెరిచిపెట్టి, హాల్లోని వెచ్చదనం అటు వస్తుందిలే అనుకున్నాం. ఉతికిన బట్టలు ఆ గదిలోనే స్టాండు మీద ఆరేసేదాన్ని. వంటింట్లో రెండు పూటలా అన్నం, పప్పు, వారానికి రెండుసార్లు రాగి సంగటి. పాపకు వేన్నీళ్ళ స్నానం. నలుగురున్న ఇంట్లో ఊపిరి, వంట, స్నానం, బట్టలు కలిపి రోజుకు సుమారు పది లీటర్ల నీరు ఆవిరిగా గాలిలో కలుస్తుందట. మేం ముగ్గురం. ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని ఒక్క రోజు కూడా ఆలోచించలేదు.

డిసెంబరులో చుక్కలు మళ్ళీ వచ్చాయి, ఈసారి పెద్దవిగా. మా ఆయన దుకాణం నుంచి క్లోరిన్ కలిసిన స్ప్రే తెచ్చారు. కొట్టగానే గోడ తెల్లబడింది. ఆ ఘాటుకు పాప కళ్ళు నులుముకుంటే హాల్లోకి ఎత్తుకుపోయాను. రెండు వారాలకు అదే చోట అదే నలుపు. ఆ తర్వాత వెనిగర్‌తో తుడిచాను. సున్నం, సిమెంటు ఉన్న గోడకు వెనిగర్ పనికిరాదని తర్వాత చదివాను. ఆ పులుపును సున్నం విరిచేస్తుంది, మిగిలింది బూజుకే ఆహారమవుతుంది.

పాపకు రాత్రిపూట పొడిదగ్గు మొదలైంది. పిల్లల వైద్యురాలి దగ్గరికి తీసుకెళితే ఆమె గుండె, ఊపిరి పరీక్షించి, మందు రాసేముందే అడిగిన ప్రశ్న: "ఇంట్లో ఎక్కడైనా బూజు ఉందా?" లేదన్నాను.

ఎందుకు అబద్ధమాడానో ఎన్నోసార్లు ఆలోచించాను. ఇల్లు శుభ్రంగా ఉంచుకోని మనిషి ఇంట్లోనే బూజు ఉంటుందని నా నమ్మకం. అమ్మ నేర్పిన లెక్క అదే. పైగా పరాయి దేశంలో, వచ్చీరాని భాషలో, మన వంటల వాసన గురించి పక్కింటివాళ్ళు ఏమనుకుంటున్నారోనని రోజూ తలుపు సందులకు గుడ్డలు పెట్టి వండుకునే రోజులవి. ఆ ప్రశ్న నా కాపురం గురించి వేసినట్టు అనిపించింది. ఆ రోజు నిజం చెప్పి ఉంటే నాలుగు వారాలు ముందే ఆ గది ఖాళీ చేసేవాళ్ళం.

సంక్రాంతికి అక్కడి తెలుగు కుటుంబాలు ఒకచోట కలుస్తున్నాయని చీర కోసం అల్మారా తెరిచాను. తడిసిన గోనెసంచి వాసన. చీర మడత విప్పితే కొంగు మీద మచ్చ. ఇద్దరం కలిసి అల్మారాను ముందుకు లాగాం. దాని వెనక పలక నిండా బూడిదా పచ్చా కలిసిన నూగు. గోడ నేల నుంచి నడుము ఎత్తు దాకా నలుపు. నేను మూల మీద చూస్తున్న చుక్కలు దాని అంచు మాత్రమే. ఆ రాత్రే పాప ఊయలను హాల్లోకి మార్చాం. ఆ గది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ పెట్టాం.

మర్నాడు పొద్దున ఇంటికి ఫోను చేశాను. అమ్మ చీర గురించి బాధపడింది, వేపాకు పొగ వేయమంది. నాయన ఫోను తీసుకుని వేరే సంగతులు అడిగాడు.

"ఆ గోడను చేత్తో తాకి చూశావా తల్లీ? మిగతా గోడల కన్నా చల్లగా ఉందా?"

"ఐసు ముక్కలా ఉంది నాయనా."

"బీరువాను గోడకు ఆనించి పెట్టారా?"

"ఆనించే పెట్టాం."

"మరి గాలి ఎట్లా ఆడుతుంది? బుడ్డలు తడి మీద బస్తాకు ఎత్తి గోడకు చేరవేస్తే ఏమవుతుందో చిన్నప్పుడు చూశావు కదా. పైన తుడిచినంత మాత్రాన అయ్యే పని కాదిది. తడి ఎక్కడి నుంచి వస్తున్నదో చూడు."

వేరుశనగను మా వైపు బుడ్డలు అంటాం. పీకినప్పుడు కాయలో మూడో వంతుకు పైగా తేమే ఉంటుంది. చెట్లను చేనులోనే తిరగేసి, కాయలు పైకి ఉండేలా ఎండబెడతారు. ఎనిమిది, తొమ్మిది శాతానికి దిగేదాకా నిల్వకు పనికిరావు. నాయన దగ్గర కొలిచే పరికరమేమీ లేదు. కాయను చెవి దగ్గర ఆడిస్తాడు, గింజ గలగలమనాలి. గింజను బొటనవేలితో రుద్దితే పొట్టు రాలాలి. తడి మీద నిల్వ చేస్తే ఆస్పర్జిల్లస్ అనే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి చేటు. అలాంటి సరుకును కడిగి, తుడిచి అమ్ముకోవడానికి లేదు. ఇదంతా వింటూ పెరిగిన నేను గోడ దగ్గరికి వచ్చేసరికి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను.

ఆ రోజే తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాం. పదిహేను యూరోలు. మూసిన పడకగదిలో 71 శాతం, అంటే ఆ వేడిమి దగ్గర గాలి మోయగలిగిన నీటిలో అంత వంతు అప్పటికే ఉందన్నమాట. మా ఆయనతో పనిచేసే అతను గురిపెడితే ఉపరితలం వేడిమి చెప్పే థర్మామీటరు తెచ్చాడు. గది మధ్యలో 19 డిగ్రీలు వచ్చేదాకా హీటరు వేసి చూస్తే, గది లోపలి గోడ 18, ఉత్తరపు మూల 10. పందొమ్మిది డిగ్రీల గాలిలో తేమ 65 శాతం ఉంటే, ఆ గాలి 12 డిగ్రీలకు చల్లబడిన చోటల్లా నీటిబొట్లు కడుతుంది. మూలలో పది డిగ్రీలే ఉంది కాబట్టి ఆ గోడ రోజూ తడుస్తోంది. నిజానికి నీరు కట్టేదాకా కూడా అక్కర్లేదు. గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దగ్గర కొన్ని రోజులు నిలిస్తే బూజుకు చాలు. హీటరు కట్టేసిన గదికి తలుపు తెరిచి హాలు గాలిని వదలడం మేం చేసిన పెద్ద తప్పు. ఆ గాలి వెచ్చదనంతో పాటు వంటింటి ఆవిరినీ తెచ్చి చల్లటి గోడకు అప్పజెప్పింది.

ఇంటి యజమానికి చెప్పడం గురించి మేం రెండు రోజులు వాదించుకున్నాం. అడ్వాన్సు పోతుందేమో, ఖాళీ చేయమంటారేమో అని మా ఆయన భయం. మూడు నెలల అద్దె అడ్వాన్సుగా వాళ్ళ దగ్గర ఉంది. ఆ దేశపు చట్టం ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా ఉంది: లోపం కనబడిన వెంటనే యజమానికి తెలియజేయడం అద్దెదారు బాధ్యత. చెప్పకుండా ఊరుకుని నష్టం పెరిగితే ఆ పెరిగిన నష్టం మన నెత్తిన పడుతుంది. అంటే మేం దాచిన ప్రతి వారమూ మాకే చేటు. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీశాం. తేదీ, గది, కొలతలు, తేమ అంకెలు, ఎన్ని రోజుల్లోగా వచ్చి చూడాలో రాసి, తెలిసినవాళ్ళతో జర్మన్ సరిచేయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఫోనులో చెప్పినదానికి అక్కడ లెక్క లేదు.

యజమాని తరఫున ఇంటి నిర్వహణ చూసే మనిషి వారానికి వచ్చాడు. గోడ చూడటానికి ఒక నిమిషం, వంటింట్లో ప్రెషర్ కుక్కర్ చూడటానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టింది. మీరు అన్నం ఎక్కువ వండుతారు, కిటికీలు తీయరు, మీ వల్లే వచ్చింది, పెయింటు మీరే వేయించుకోండి అని వెళ్ళిపోయాడు. ఆ మాటలో కొంత నిజముంది. మేం కిటికీలు తీసేవాళ్ళం కాదు. కానీ ఆ ఇంట్లో ఏ జర్మన్ కుటుంబం కాపురమున్నా ఆ మూల పది డిగ్రీలే ఉండేది. మా భోజనాన్ని అతను కారణంగా చూపించిన తీరు నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

అక్కడ దాదాపు ప్రతి నగరంలోనూ అద్దెదారుల సంఘం ఉంటుంది. మీటెర్‌ఫెరైన్ అంటారు. ఏడాది చందా కట్టి చేరితే సలహా ఇస్తారు. మా కాగితాలు చూసినామె యాభై దాటిన మనిషి. నేను ఇంగ్లీషులో తడబడుతుంటే నిదానంగా వింది. కిటికీలూ గోడలూ బొమ్మ గీసి చెప్పింది ఆమే. ఆమె చెప్పిన మొదటి మాట, అద్దె సొంతంగా తగ్గించి కట్టకండి. లోపం ఉన్నన్నాళ్ళు తక్కువ అద్దె చెల్లించే హక్కు చట్టంలో ఉంది గానీ, తర్వాత మనది తప్పని తేలితే ఆ మిగులు బకాయిగా పెరిగి ఇల్లు ఖాళీ చేయించే దాకా వెళ్ళవచ్చు. అందుకని పూర్తి అద్దె కడుతూ, హక్కు వదులుకోకుండా చెల్లిస్తున్నామని రాసి పంపమంది. రెండో మాట, రుజువు చేయాల్సిన వరస. కట్టడంలో లోపం లేదని ముందు యజమాని చూపించాలి. ఆ తర్వాతే మేం సరిగ్గా వేడి, గాలి చూసుకున్నామా అన్న ప్రశ్న. మూడోది మాకు అనుకూలం కాని సంగతి, అయినా దాచకుండా చెప్పింది: పాత ఇళ్ళు కట్టిన కాలపు ప్రమాణాల ప్రకారమే ఉంటే, గోడలో చల్లటి చోట్లు ఉండటాన్ని లోపంగా లెక్కించలేమని వాళ్ళ అత్యున్నత న్యాయస్థానం 2018 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. కోర్టుకు వెళితే గెలుస్తామన్న హామీ లేదు. రోజూ మూడు పూటలా తేమ, వేడిమి, కిటికీ తీసిన వేళలు పుస్తకంలో రాయమని చెప్పి పంపింది.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. రాయడం మొదలుపెట్టాకే మాకు కిటికీ విద్య పట్టుబడింది. బయట మంచు కురుస్తుంటే, గాలి చెమ్మగా ఉంటే, కిటికీ తీస్తే తేమ లోపలికి రాదా అన్నది నా అనుమానం. అమ్మదీ అదే. కానీ సున్నా డిగ్రీల దగ్గర గాలి ఎంత తడిసినా ఘనపు మీటరుకు ఐదు గ్రాములకు మించి నీటిని మోయలేదు. ఇరవై డిగ్రీల గాలి పదిహేడు గ్రాములు మోస్తుంది. బయటి చలిగాలి లోపలికి వచ్చి వెచ్చబడితే దాహంతో ఉన్నట్టే. ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి ఐదు నిమిషాలు ఉంచి మూసేస్తే తడి గాలి పోతుంది, గోడల వేడి మాత్రం నిలుస్తుంది. రోజుకు మూడు, నాలుగు సార్లు. మేం అప్పుడప్పుడు చేసినట్టు కిటికీని పైన కొంచెం వాల్చి గంటల తరబడి వదిలేస్తే చుట్టూ ఉన్న గోడ చల్లబడి బూజుకు ఇంకో చోటు తయారవుతుంది. పాప కోసం ఐదు నిమిషాల ఇసుక గడియారం కొన్నాం. కోటు తొడుక్కుని తిప్పేది. ఇసుక అయిపోగానే "మూసెయ్యమ్మా" అని అరిచేది. 71 ఉన్న అంకె మొదటి వారంలోనే 55కి దిగింది.

మూల మాత్రం పది డిగ్రీల దగ్గరే ఉంది. మా పుస్తకంలోని మూడు వారాల లెక్కలను సంఘం ఉత్తరంతో జతచేసి పంపాక, యజమాని ఒక నిపుణుణ్ణి పంపాడు. అతను గోడ లోపలి తడిని కూడా కొలిచాడు. పైపు ఏదీ కారడం లేదు, మూల చల్లదనమూ ఇంటి తేమా రెండూ కలిసి చేసిన పని అని రాశాడు. రాజీ కుదిరింది. గోడ బాగుచేయించే ఖర్చు యజమానిది, మూడు నెలల అద్దెలో పదో వంతు మాకు వెనక్కి. గది వేడిగా, పొడిగా ఉంచే పూచీ మాది.

అర చదరపు మీటరు లోపు బూజైతే ఇంటివాళ్ళే తీసుకోవచ్చని జర్మనీ పర్యావరణ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. మాది దాని కన్నా ఎక్కువ కాబట్టి పనివాళ్ళే వచ్చారు. గదికి ప్లాస్టిక్ తెరకట్టి, ముఖాలకు మాస్కులు వేసుకుని, పూత మొత్తం చెక్కేశారు. లోపలివైపు కాల్షియం సిలికేట్ పలకలు అతికించారు. అవి తేమను పీల్చుకుని మెల్లగా వదులుతాయి, గోడ లోపలి ముఖాన్ని వెచ్చగా ఉంచుతాయి. తొమ్మిది రోజులు హాల్లో పడుకున్నాం. కిటికీ అంచున మిగిలిన చిన్న మచ్చలను మందుల దుకాణంలో దొరికే 70 శాతం ఆల్కహాల్‌తో నేనే తుడిచాను. కిటికీ తెరిచి, చేతొడుగులు, మాస్కు వేసుకుని, పొయ్యి ఆర్పి. తుడిచిన గుడ్డ సంచిలో కట్టి పారేశాను. అల్మారా వెనక పలక పారేశాం. నూలు బట్టలు 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే బాగయ్యాయి. పట్టు ఒక్కటే బాగవలేదు.

అన్నిటికన్నా ముందు వైద్యురాలి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. ఆమె కోప్పడలేదు. దగ్గుకు బూజే కారణమని కచ్చితంగా చెప్పలేననీ, ఆ వయసు పిల్లలకు శీతాకాలమంతా ఏదో ఒక దగ్గు ఉంటుందనీ, కానీ చెమ్మ ఇళ్ళలోని పిల్లలకు ఆయాసం, ఉబ్బసం ఎక్కువన్నది నిజమనీ చెప్పింది. గది మార్చిన మూడు వారాలకు రాత్రి దగ్గు తగ్గింది. రెండో శీతాకాలంలో ఆ దగ్గు మళ్ళీ రాలేదు. అల్మారాను లోపలి గోడకు, అక్కడా పది సెంటీమీటర్ల ఎడంగా పెట్టాం. పడకగది 18 డిగ్రీలకు దిగకుండా చూశాం. బట్టలు ఆ మేడ నేలమాళిగలోని ఆరేసే గదికి మోసుకెళ్ళేదాన్ని. బిల్లు కొంత పెరిగింది, అంతే. 2024 జూన్‌లో ఖాళీ చేసినప్పుడు గోడలన్నీ చూసి, మొదటి రోజు రాసుకున్న పత్రంతో సరిపోల్చి, అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చారు. మచ్చలున్న చోట్లు ఇల్లు తీసుకునే రోజే ఆ పత్రంలో రాయించుకుంటే ఇంకా తేలికయ్యేది. అద్దెకు దిగేవాళ్ళు అల్మారా పెట్టకముందే మూలలను చేత్తో తాకి చూడండి. కనబడిన చుక్కను అదే రోజు రాసి పంపండి. సిగ్గుపడి గుడ్డతో తుడుస్తూ ఉండకండి.

తేమ మీటరును వెంట తెచ్చుకున్నాను. కళ్యాణదుర్గం దగ్గర మా ఇంట్లో వేసవిలో అది 22 చూపించింది. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక నాయన దాన్ని అడిగి తీసుకుని బుడ్డల కొట్టులో మేకుకు తగిలించాడు. ముసురు పట్టిన వారం 76కి చేరింది. బస్తాల కింద చెక్కలు వేయించి, అన్నిటినీ గోడకు జానెడు ఇవతలికి జరిపించాడు. ఎండ కాసిన మధ్యాహ్నం కొట్టు తలుపూ వెనక కిటికీ తెరవమని పాపకు చెప్పాడు. పాప తెరిచి, ఇసుక గడియారం తేవడానికి లోపలికి పరిగెత్తింది.

"ఐదు నిమిషాలే కదా తాతా?"

"ఇక్కడ పొద్దు గూకేదాకా" అన్నాడు నాయన.